పెద్దవారి నిద్రమాత్రను నిదానంగా తగ్గించడం ఎలా

ఇంట్లో అరవై ఐదేళ్లు దాటిన అమ్మగారో నాన్నగారో ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ నిద్రమాత్ర వేసుకుంటున్నట్లయితే, దాన్ని ఈ రాత్రి నుంచే మాన్పించాలని తొందరపడకండి. ఇంత వయసులో ఇక మార్చేదేముందని వదిలేయనూ వద్దు. మొదటిది ప్రాణం మీదకు తేగలదు. రెండోది పగటి మగతకూ, మతిమరుపుకూ, తూలి పడి తుంటి ఎముక విరగడానికీ దారి తీయగలదు. ఈ రెండింటికీ నడుమ నాలుగైదు నెలలు మొదలుకొని ఏడాది దాకా పట్టే దారి ఒకటుంది. డాక్టరు పర్యవేక్షణలో, మాత్ర వేసుకునే మనిషి ఇష్టప్రకారం, మోతాదును మెట్టు మెట్టుగా దించుకుంటూ, ఆ మేరకు సహజమైన నిద్రను వెనక్కి తెచ్చుకోవడమే ఆ దారి. దగ్గరుండి ఈ పని చేయించవలసిన కొడుకులు, కూతుళ్లు, కోడళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాత్ర వేసుకుంటున్న పెద్దలే చదువుతున్నట్లయితే ప్రతి మాటనూ తమకే వర్తింపజేసుకోవచ్చు.

ఈ అలవాటు చాలాసార్లు ఒక కష్టకాలంలో మొదలవుతుంది. భార్యో భర్తో పోయిన నెలలో, గుండె ఆపరేషన్ చేయించుకొని ఇంటికి వచ్చిన వారంలో, పిల్లలు దూరదేశం వెళ్లి ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిన రోజుల్లో డాక్టరు పది రోజులకని రాసిన మాత్ర పదేళ్లు సాగుతుంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, నైట్రజెపామ్, జోల్పిడెమ్ వంటి మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రల లెక్క ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అయినా పాత చీటీ చూపితేనో, ఒక్కోచోట ఖాళీ షీటు చూపితేనో మాత్రలు చేతికి వచ్చేస్తున్నాయి. ఇందులో పెద్దవారి తప్పు లేదు. తమకు ఇచ్చిన మందును, ఇచ్చిన విధంగానే వారు వేసుకున్నారు. పని మొదలుపెట్టే ముందు ఈ సంగతిని మనసులో గట్టిగా నిలుపుకోవడం అవసరం, ఎందుకంటే మందలింపుతో మొదలైన ప్రయత్నం రెండో వారం దాటదు.

మొదటి పని: ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒకచోట పెట్టండి

మందుల డబ్బా, తలగడ కింది షీట్లు, హ్యాండ్‌బ్యాగులో విడిగా కత్తిరించి పెట్టుకున్న ముక్కలు, ఫ్రిజ్ మీది సీసాలు, ఆయుర్వేద గుళికలతో సహా అన్నీ బల్ల మీద పరచండి. పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరును వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరును, మిల్లీగ్రాములను కాగితం మీద రాయండి. అక్షరాలు కనిపించకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకొని చూడండి.

మీరు వెతకవలసిన పేర్లు ఇవి. ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్, డయాజెపామ్, నైట్రజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్ అనేవి బెంజోడయజెపైన్ల కుటుంబానికి చెందినవి. మన ప్రాంతంలో విరివిగా వాడే ఎటిజోలామ్ కూడా వాటిలాగే పనిచేస్తుంది. జోల్పిడెమ్ కొంచెం వేరే రకం, కానీ మెదడులో పనిచేసే చోటు దాదాపు అదే. ఆల్‌ప్రాక్స్, రెస్టిల్, రివోట్రిల్, లోనజెప్, ఎటిలామ్, అటివాన్, జోల్‌ఫ్రెష్ అన్న పేర్లతో ఇళ్లలో కనిపించేవి ఈ మందులే.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. నిద్రమాత్ర అని ఎవరూ అనుకోని మాత్రలో కూడా ఇదే మందు కలిసి ఉండవచ్చు. కడుపు ఉబ్బరానికీ నొప్పికీ వాడే లిబ్రాక్స్‌లో క్లోర్‌డయజెపాక్సైడ్ ఉంటుంది. దిగులుకు రాసే ఎస్సిటలోప్రామ్ మాత్రల్లో పేరు చివర ‘ప్లస్’ అని ఉన్న కొన్నింటిలో క్లోనజెపామ్ కలిపి ఉంటుంది. గుండెదడకు ఇచ్చే ప్రొప్రనలాల్‌తో ఆల్‌ప్రజోలామ్‌నో ఎటిజోలామ్‌నో కలిపిన మాత్రలూ ఉన్నాయి. అందువల్ల ఒకే మనిషి పొద్దున ‘గ్యాసు మాత్ర’గా, సాయంత్రం ‘దడ మాత్ర’గా, రాత్రి ‘నిద్ర మాత్ర’గా ఒకే కుటుంబపు మందును మూడుసార్లు వేసుకుంటూ ఉండవచ్చు. ముగ్గురు డాక్టర్లు మూడు చీటీలు రాసినప్పుడు, ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసేది ఇంట్లోవారే.

అదే కాగితం మీద ఏ మాత్రను ఎన్నేళ్లుగా, ఏ వేళకు, ఎన్ని వేసుకుంటున్నారో రాయండి. ‘అప్పుడప్పుడూ ఇంకో సగం’ అన్న మాట వినిపిస్తే దానినీ రాయండి. మద్యం గురించి, కల్లు గురించి కూడా మొహమాటపడకుండా అడగండి. కారణం కింద చెబుతాను.

వయసు పెరిగిన ఒంట్లో ఈ మందు ఎలా పనిచేస్తుంది

యాభై ఏళ్ల వయసులో పడిన మాత్రే డెబ్భై ఐదేళ్లలోనూ పడుతోంది కదా అనుకోవడం సహజం. కానీ ఆ మాత్రను అందుకునే ఒళ్లు మారిపోయింది. కాలేయం మందును విరగ్గొట్టే వేగం తగ్గుతుంది. కండ తగ్గి కొవ్వు పాలు పెరగడంతో, కొవ్వులో నిలిచే మందులు ఒంట్లో ఎక్కువ సేపు ఉండిపోతాయి. ఆల్‌ప్రజోలామ్ సగానికి తగ్గడానికి మామూలు పెద్దలలో సగటున 11 గంటలు పడితే, వృద్ధులలో 16 గంటల దాకా పడుతుంది. డయాజెపామ్ అయితే రోజుల తరబడి నిలుస్తుంది. రాత్రి పదింటికి వేసుకున్న మాత్ర మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకు కూడా సగం బరువుతో కూర్చొని ఉందంటే, ఆ పగటి మగతనూ, మాట మధ్యలో తడబాటునూ, గడప దాటేటప్పుడు తూలడాన్నీ ‘వయసు’ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

అసలు ప్రమాదం రాత్రి రెండింటికీ మూడింటికీ మూత్రానికి లేచినప్పుడు పొంచి ఉంటుంది. మందు మత్తు దిగలేదు, లేవగానే బీపీ కాస్త పడిపోతుంది, దీపం వేస్తే పక్కవారికి నిద్రాభంగమని చీకట్లోనే నడుస్తారు, బాత్రూం గచ్చు తడిగా ఉంటుంది. తుంటి విరిగిన తర్వాత చాలామంది మునుపటిలా ఒంటరిగా తిరగలేరు. అమెరికా వృద్ధాప్య వైద్యుల సంఘం పెద్దవారికి వీలైనంత వరకు ఇవ్వకూడని మందులతో ‘బీర్స్’ జాబితా అని ఒకదాన్ని నిర్వహిస్తోంది. 1991లో మొదలై 2023లో మళ్లీ సవరించిన ఆ జాబితాలో బెంజోడయజెపైన్లూ జోల్పిడెమ్ రకమూ రెండూ ఉన్నాయి. జోల్పిడెమ్ వేసుకొని, పూర్తిగా మెలకువ రాకుండానే నడవడం, వంట చేయడం, బండి నడపడం వంటివి జరిగి గాయాలైన సందర్భాలున్నందున అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2019లో ఆ మాత్రల పెట్టె మీద అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది. అలవాటు పడటం గురించీ, ఒక్కసారిగా ఆపితే కలిగే హాని గురించీ అటువంటి హెచ్చరికనే 2020లో బెంజోడయజెపైన్లకూ వర్తింపజేసింది.

మతిమరుపు విషయంలో ఒక జాగ్రత్త. ఈ మందు ఒంట్లో ఉన్నంత సేపు కొత్త సంగతులు గుర్తుండటం తగ్గుతుంది, అది నిశ్చయం. శాశ్వతమైన మతిభ్రంశానికి (డిమెన్షియాకు) ఇదే కారణమా అన్నదాని మీద పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. కాబట్టి ‘ఈ మాత్ర వేసుకుంటే నీకు మతి పోతుంది’ అని పెద్దవారిని భయపెట్టకండి. పడిపోవడం ఒక్కటే చాలినంత కారణం.

రెండో పని: వారిని ఒప్పించండి, దాచకండి

మాత్రలు దాచేయడం, షీటులో కాల్షియం మాత్ర పెట్టి ఇదే అదని చెప్పడం, ఫోనులో అమెరికా నుంచి ‘రేపటి నుంచి మానేయమ్మా’ అని ఆజ్ఞాపించడం, ఈ మూడూ చేయకూడదు. ఏళ్ల తరబడి అలవాటైన మెదడుకు అది హఠాత్తుగా ఆపడమే అవుతుంది. అంతకు మించి, ఒకసారి మోసపోయామని తెలిసిన పెద్దలు తర్వాత ఏ మందు విషయంలోనూ మిమ్మల్ని నమ్మరు.

సమాచారం చేతికిస్తే వారే నిర్ణయం తీసుకోగలరనడానికి మంచి ఆధారం ఉంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో మందుల షాపుల ద్వారా జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. చాలాకాలంగా బెంజోడయజెపైన్లు వాడుతున్న 303 మంది వృద్ధులలో ఒక వర్గానికి, ఆ మందు గురించిన నిజాలూ నెమ్మదిగా తగ్గించుకునే పట్టికా ఉన్న చిన్న పుస్తకాన్ని పంపారు. ఆరు నెలలు తిరిగేసరికి పుస్తకం అందినవారిలో 27 శాతం మంది పూర్తిగా మానేయగలిగారు; అందనివారిలో మానినది 5 శాతమే. మానలేకపోయినా మోతాదు తగ్గించుకున్నవారు ఇంకొందరు. వారికి ఎవరూ ఆజ్ఞలు జారీ చేయలేదు, డాక్టరుతో గానీ ఫార్మసిస్టుతో గానీ మాట్లాడమని మాత్రమే చెప్పారు.

కాబట్టి పగటిపూట, తీరికగా ఉన్న వేళ కూర్చొని మాట్లాడండి. ‘నాన్నగారూ, పోయిన నెల బాత్రూం దగ్గర తూలారు కదా, అది ఈ మాత్ర వల్ల కూడా కావచ్చునట. ఒక్కసారిగా మానమని ఎవరూ అనడం లేదు. డాక్టరు గారిని అడిగి కొద్దికొద్దిగా తగ్గించి చూద్దామా? ఇబ్బందైతే అక్కడే ఆగుదాం’ అన్న ధోరణి చాలు. ఆగే హక్కు వారి చేతిలోనే ఉందన్న భరోసా దొరికితే భయం సగం తగ్గుతుంది. రాత్రి నిద్ర పట్టక ఒంటరిగా పడుకొని ఉండటమంటే వారికి ఎంత బెంగో, వారి గది పక్కన పడుకున్నవారికి కూడా తెలియకపోవచ్చు. ఆ బెంగను తేలిగ్గా తీసిపారేయవద్దు. వద్దంటే ఒక నెల ఆగి మళ్లీ అడగండి.

మూడో పని: డాక్టరును కలవండి

మొదట రాసిచ్చిన డాక్టరు అందుబాటులో లేకపోతే ఫిజీషియన్‌నో, మానసిక వైద్యులనో కలవవచ్చు. జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ పథకం కింద జిల్లా ఆసుపత్రులలో వృద్ధుల క్లినిక్‌లు ఏర్పాటయ్యాయి, అక్కడ విచారించండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీరు రాసిన మాత్రల కాగితాన్ని డాక్టరు ముందు పెట్టి మొదట అడగవలసిన ప్రశ్న, ఈ మాత్ర నిద్రకే ఇచ్చారా, ఇంకేదైనా జబ్బుకా అన్నది. మూర్ఛకు ఇచ్చిన క్లోనజెపామ్‌నో క్లోబజామ్‌నో నిద్రమాత్రగా పొరబడి తగ్గిస్తే ఫిట్స్ వస్తాయి. నిద్రలో కలలకు తగ్గట్టు కాళ్లూ చేతులూ విసిరి పక్కవారిని కొట్టే జబ్బుకు కూడా క్లోనజెపామ్ ఇస్తారు. ఇటువంటివారికి కొనసాగించడమే సరైనది కావచ్చు.

గతంలో ఫిట్స్ వచ్చినవారు, పెద్ద మోతాదులో లేదా ఒకటికి మించి ఇటువంటి మాత్రలు వేసుకునేవారు, రోజూ మద్యమో కల్లో తాగేవారు, తీవ్రమైన దిగులుతో బతుకు మీద ఆశ లేదని మాట్లాడేవారు ఇంట్లో తగ్గించే ప్రయత్నం చేయకూడదు. వారికి ఆసుపత్రి పర్యవేక్షణ కావాలి. తెలంగాణలో కల్లు విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. కల్తీ కల్లులో ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది ఎన్నోసార్లు బయటపడిన సంగతే. 2015లో కల్తీ మీద దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిచేష్టలతో ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రమాత్రను హఠాత్తుగా ఆపితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు అక్కరలేదు. సాయంత్రం కల్లు తాగి రాత్రి మాత్ర కూడా వేసుకునే పెద్దాయన ఒంట్లోకి ఎంత మందు వెళ్తోందో షీటు చూసి లెక్కకట్టలేము. అందుకే ఆ విషయం డాక్టరుకు చెప్పి తీరాలి.

తరువాత నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం వెతకమని అడగండి. మోకాళ్ల నొప్పులు, రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేపే ప్రొస్టేట్ వాపు లేదా షుగరు, సాయంత్రం వేసుకునే నీటిమాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది), ఆస్తమాకు వాడే థియోఫిలిన్, స్టెరాయిడ్లు, ఇనుము తక్కువైనప్పుడు కాళ్లు లాగుతూ కుదురుగా ఉండనివ్వని జబ్బు, బయటపడని దిగులు, ఇవన్నీ నిద్రను చెడగొట్టేవే. బిగ్గరగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేచేవారికి స్లీప్ ఆప్నియా ఉండవచ్చు. నిద్రమాత్ర దాన్ని మరింత ముదరబెడుతుంది. బీపీ కోసం ఇచ్చిన నీటిమాత్రను పొద్దుటికి మార్చగలరేమో అడగడం వంటి చిన్న మార్పుతోనే కొందరికి రాత్రి రెండు గంటల నిద్ర కలిసివస్తుంది. ట్రమడాల్ వంటి నొప్పిమాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ నిద్రమాత్రతో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదముంది; అవి ఉంటే తప్పక చెప్పండి.

నాలుగో పని: తగ్గించే పట్టిక

ఎంత వేగంగా అన్నది డాక్టరు నిర్ణయించాలి. మీకు అవగాహన ఉండటం కోసం సూత్రం చెబుతాను. 2025లో అమెరికాలోని పలు వైద్య సంఘాలు కలిసి బెంజోడయజెపైన్ల గురించి ఇచ్చిన సూచన ప్రకారం, మొదట రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించి చూడాలి; ఏ పరిస్థితిలోనూ రెండు వారాలలో 25 శాతానికి మించి తగ్గించకూడదు.

ఏళ్లుగా రాత్రికి 0.5 మిల్లీగ్రాముల ఆల్‌ప్రజోలామ్ వేసుకుంటున్న ఒక తల్లిని ఊహించుకుందాం. డాక్టరు ఆమెకు 0.5 మాత్ర బదులు 0.25 మాత్రలు రెండేసి రాస్తారు. మొదటి రెండు వారాలు మోతాదు మార్చకుండా పడుకున్న వేళ, లేచిన వేళ, పగటి కునుకు మాత్రం నోటుపుస్తకంలో రాయిస్తారు. ఆ తర్వాత వారంలో రెండు రాత్రులు ఒకటిన్నర, మిగిలిన రాత్రులు రెండు. అది సర్దుకున్నాక అన్ని రాత్రులూ ఒకటిన్నర. మళ్లీ కొన్ని వారాలు అక్కడే నిలిచి, వారంలో రెండు రాత్రులు ఒకటి, తర్వాత మూడు నాలుగు రాత్రులు ఒకటి, ఆ తర్వాత అన్ని రాత్రులూ ఒకటి. ఇలాగే అర మాత్ర దాకా దిగి, చివర వారంలో ఒక రాత్రి, రెండు రాత్రులు మాత్ర లేకుండా గడుపుతూ ముగిస్తారు. ఒక పెద్ద మెట్టును ఇలా రెండు మూడు చిన్న మెట్లుగా విడగొట్టుకోవడమే దీని కిటుకు. మొదటి సగం దిగడం కంటే చివరి పావు దిగడమే కష్టమని తెలుసుకొని, అక్కడ తొందర పెట్టకండి. పండుగో, శుభకార్యమో, ఇంట్లో జబ్బో ఉన్న వారంలో తగ్గింపు వద్దు. ఉన్న మెట్టు మీదనే ఆగండి. ఆగడం ఓటమి కాదు. అయితే తగ్గించిన మోతాదును వీలైనంత వరకు తిరిగి పెంచకుండా చూడాలి.

మాత్రను విరవడంలో శ్రద్ధ కావాలి. మధ్యలో గీత ఉన్న మాత్రే సరిగా విరుగుతుంది. మందుల షాపులో దొరికే మాత్రలు కోసే చిన్న డబ్బా కొనండి. వంటింటి కత్తితో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒక ముక్క పొడి. పేరు చివర ఎస్‌ఆర్, సీఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్నవాటిని విరవకూడదు, మందు మొత్తం ఒకేసారి విడుదలవుతుంది. డాక్టరును అడిగి మామూలు మాత్రకు మార్చుకోవాలి. వారానికి సరిపడా ముక్కలను ఏడు అరల డబ్బాలో మీరే సర్ది పెట్టండి, మిగిలిన షీట్లను వేరేచోట ఉంచండి. ఈ ఏర్పాటు వారికి తెలిసే, వారి ఒప్పుదలతోనే జరగాలి.

మోతాదు దించిన ప్రతిసారీ కొద్ది రోజులు నిద్ర మునుపటికంటే చెడవచ్చు. కలలు ఎక్కువవుతాయి, చిరాకు, కొంచెం చెమట, గుండెదడ కనిపించవచ్చు. ఇది పాత నిద్రలేమి తిరగబెట్టడం కాదు, మందు తగ్గినందుకు మెదడు చూపే ప్రతిక్రియ. ఎక్కువమందిలో ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. ముందే చెప్పి ఉంచితే వారు బెదిరిపోరు. కానీ చేతుల వణుకు పెరుగుతూ పోవడం, లేనివి కనిపించడం, తాము ఎక్కడున్నదీ తెలియని అయోమయం, విపరీతమైన ఆందోళన, చనిపోవాలన్న మాటలు, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఏ మందును ఎంత తగ్గించారో రాసిన కాగితాన్ని వెంట తీసుకెళ్లండి.

ఐదో పని: నిద్రను మళ్లీ అలవాటు చేయడం

మాత్రను తగ్గించడం పనిలో సగమే. దీర్ఘకాలపు నిద్రలేమికి మందు కంటే ముందు ఇవ్వవలసిన చికిత్స అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే పద్ధతి అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. మన దగ్గర దానిలో శిక్షణ పొందిన సైకాలజిస్టులు పెద్ద ఊళ్లకే పరిమితం, కానీ దాని ముఖ్య సూత్రాలను ఇంట్లోనే పాటించవచ్చు.

మొదటిది పడక మీద గడిపే కాలాన్ని కుదించడం. వయసుతో గాఢనిద్ర తగ్గుతుంది, నిద్రవేళ ముందుకు జరుగుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం తిని తొమ్మిదింటికే మంచం ఎక్కి, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే, అది నిద్రలేమి అని భయపడతారు. నిజానికి ఆ మనిషి ఆరు గంటలు నిద్రపోయారు. రెండు వారాల నోటుపుస్తకం చూసి, నిజంగా నిద్రపోతున్నది ఆరు గంటలు, మంచం మీద ఉంటున్నది ఎనిమిదిన్నర గంటలు అని తేలితే, పడుకునే వేళను వారానికి పావుగంట, అరగంట చొప్పున ఆలస్యం చేస్తూ, లేచే వేళను మాత్రం ప్రతిరోజూ ఒకటిగానే ఉంచండి. పెద్దవారిలో పడక మీది కాలాన్ని ఐదున్నర గంటలకంటే తగ్గించకూడదు. పడుకున్న కాలంలో ఎక్కువ భాగం నిద్రలోనే గడుస్తున్నదని కనిపించాక మళ్లీ పావుగంట చొప్పున పెంచండి. మూర్ఛ ఉన్నవారు, ఉన్మాదపు జబ్బు ఉన్నవారు, ఇప్పటికే తూలి పడుతున్నవారు డాక్టరును అడగకుండా ఇది చేయవద్దు.

రెండోది, మంచం నిద్రకు మాత్రమే. మంచం మీద టీవీ, ఫోను, లెక్కల పుస్తకం వద్దు. ఇరవై నిమిషాలైనా కునుకు పట్టలేదనిపిస్తే లేచి, పక్కన ముందే సిద్ధం చేసిన కుర్చీలో మందమైన వెలుతురులో కూర్చొని జపమో, పాత పాటలు వినడమో చేసి, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి మంచం దగ్గరకు రావాలి. గోడ గడియారాన్ని మంచం మీద నుంచి కనిపించకుండా మార్చండి. ఒంటిగంట అయింది, రెండయింది అని లెక్కపెట్టుకోవడమే కొందరికి నిద్ర రానివ్వదు.

మధ్యాహ్నం కునుకును పూర్తిగా మానమనడం మన ఎండల్లో కుదిరే మాట కాదు. అరగంటకు అలారం పెట్టి, మూడు దాటకముందే లేపండి. పొద్దున ఎండ ముఖాన పడేలా వాకిట్లోనో, బాల్కనీలోనో అరగంట కూర్చోబెట్టండి. తెల్లవారకముందే మెలకువ వచ్చేవారికి సాయంత్రపు వెలుతురు ఎక్కువ మేలు చేస్తుంది. నాలుగు గంటల కాఫీని పన్నెండు లోపలికి మార్చడం చాలామందికి అన్నిటికంటే కష్టమైన పని, కానీ కాఫీ ప్రభావం వయసు మీరిన ఒంట్లో రాత్రి దాకా నిలుస్తుంది.

తగ్గింపు జరుగుతున్న నెలల్లో మంచం నుంచి బాత్రూం దాకా ఉన్న దారిని సిద్ధం చేయండి. చిన్న రాత్రి దీపం, గోడకు పట్టుకునే కడ్డీ, తడి ఆరిన గచ్చు, దారిలో చాపలూ కాళ్లు తుడుచుకునే పట్టాలూ లేకపోవడం, మంచం అంచున ఒక నిమిషం కూర్చొని లేవడం, అంతే. తగ్గింపు ముగిశాక కూడా వీటిని తీసేయవలసిన పని లేదు.

బదులుగా ఇంకో మాత్ర

నిద్రమాత్ర తగ్గుతుండగా, ‘ఇది అలవాటు పడదు’ అంటూ ఎవరో ఏవిల్‌నో, మగత తెచ్చే దగ్గు సిరప్‌నో సలహా ఇస్తారు. పాత రకం అలర్జీ మందులు పెద్దవారిలో అయోమయం, మలబద్ధకం, మూత్రం బిగుసుకోవడం తెస్తాయి. అవీ బీర్స్ జాబితాలో ఉన్నవే. దిగులుకు వాడే పాత మందు అమిట్రిప్టిలిన్‌దీ అదే దోషం. తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే క్వెటియాపిన్‌ను నిద్రకని చిన్న మోతాదులో ఇవ్వడం కూడా చూస్తున్నాం. పెద్దవారిలో దాని ప్రమాదాలు దానికున్నాయి. ఒక మందు తీసి ఇంకో మందు పెట్టడాన్ని తగ్గింపుగా లెక్కించలేం. అశ్వగంధ, జటామాంసి వంటివి వాడుతున్నా సరే, డాక్టరుకు చెప్పి వాడండి.

ఆపరేషన్లు, అమెరికా ప్రయాణాలు

కంటి శస్త్రచికిత్సకైనా, మోకాలి మార్పిడికైనా ఆసుపత్రిలో చేరేటప్పుడు మత్తు డాక్టరుకు నిద్రమాత్ర సంగతి తప్పక చెప్పండి. చెప్పకపోతే చేరిన రోజే మాత్ర ఆగిపోతుంది. రెండు మూడు రోజులకు వణుకు, అయోమయం మొదలై, అది ఆపరేషన్ వల్లనో వయసు వల్లనో వచ్చిందని అనుకుంటారు.

పిల్లల దగ్గరకు ఆరు నెలలు అమెరికా వెళ్లే తల్లిదండ్రుల విషయంలో ఇంకో జాగ్రత్త. ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, జోల్పిడెమ్ అక్కడ నియంత్రిత మందులు. ఇంగ్లీషులో స్పష్టంగా టైపు చేసిన చీటీతో, అసలు ప్యాకింగులోనే తీసుకువెళ్లాలి. మన దగ్గర మామూలుగా దొరికే ఎటిజోలామ్‌ను అక్కడ వైద్యంలో వాడరు. 2023లో దాన్ని అతి కఠినమైన మాదకద్రవ్యాల జాబితాలో చేర్చారు. అందువల్ల దాన్ని వేసుకునేవారు ప్రయాణానికి కొన్ని నెలల ముందే డాక్టరును కలిసి, తగ్గించుకోవడమో వేరే మందుకు మారడమో చేయాలి. విమానాశ్రయంలో పారేసి, అక్కడ దిగగానే మాత్ర లేకుండా ఉండటం ఎంత మాత్రం మంచిది కాదు.

పూర్తిగా ఆగిన తర్వాత

చివరి మాత్ర అయిపోయాక నెల రోజులు నోటుపుస్తకం కొనసాగించండి. ఇంట్లో మిగిలిన షీట్లను ‘ఎందుకైనా మంచిది’ అని దాచకండి. నెలలు గడిచాక పాత మోతాదును ఒక్కసారిగా వేసుకుంటే అలవాటు తప్పిన ఒంటికి అది ఎక్కువవుతుంది. ఇంట్లో మనవలు ఉంటే అది వేరే ప్రమాదం. మందుల షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే షీట్ల నుంచి తీసి, పనికిరాని కాఫీ పొడిలోనో మట్టిలోనో కలిపి మూటకట్టి చెత్తలో వేయండి.

మొత్తం ఆపలేక సగం దగ్గర నిలిచిపోయినవారూ ఉంటారు. ఎనభై రెండేళ్ల మనిషి 0.5 నుంచి 0.25కు వచ్చి, పగలు మెలకువగా ఉండి, తూలకుండా నడుస్తున్నట్లయితే, నా దృష్టిలో ఆ ప్రయత్నం ఫలించినట్లే. మిగిలినది మళ్లీ ఆరు నెలల తర్వాత ఆలోచించవచ్చు. ఇకపై ఏ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినా డిశ్చార్జి కాగితం మీది మందుల పట్టికను అక్కడే, కౌంటరు దాటకముందే చదవండి. రాత్రిపూట మాత్ర కొత్తగా కనిపిస్తే అది ఎన్ని రోజులకో అడిగి, ఆపవలసిన తేదీని ఆ కాగితం మీదనే డాక్టరు చేత రాయించుకోండి.